బిల్లు పాసైతేనే జీతం

సెలవు మీద కోనసీమ వెళ్లినప్పుడల్లా అరుగు మీది పెద్దలు మొదట అడిగేది జీతం గురించి, తర్వాత పన్ను గురించి. "కువైట్‌లో పన్నే లేదటగా?" నిజమే, లేదు. జీతం మీద లేదు, సరుకుల మీద జీఎస్టీ లాంటిదీ లేదు. సౌదీ, ఎమిరేట్స్ 2018 జనవరిలో 5 శాతం వ్యాట్ మొదలుపెట్టాయి. సౌదీ దాన్ని 2020లో ఏకంగా 15 శాతం చేసింది. కువైట్ మాత్రం ఆ జోలికి పోలేదు. పన్ను లేదంటే ప్రభుత్వం ఎక్కడో దూరంగా ఉంటుందని మా ఊళ్లో అనుకుంటారు. ఇక్కడ ఎటు చూసినా నాకు కనిపించేది ప్రభుత్వమే.

నేను రోడ్ల మరమ్మతులు చేసే ఒక కంపెనీలో లెక్కలు చూస్తాను. కంపెనీ పేరుకు ప్రైవేటు. రోడ్డు ప్రభుత్వానిది, పని ఇచ్చేది ప్రభుత్వం, డబ్బు రావాల్సింది ఖజానా నుంచి. నెలాఖరున సైట్ ఇంజినీరు కొలతలు పంపుతాడు: ఎన్ని మీటర్ల పాత తారు చెక్కారు, ఎన్ని టన్నుల కొత్త తారు పరిచారు. వాటికి ధరలు కట్టి, ముందు తీసుకున్న అడ్వాన్సు తగ్గించి, పూచీగా పట్టి ఉంచే సొమ్ము తీసేసి బిల్లు తయారు చేస్తాను. అక్కడితో నా పని అయిపోతుంది, సంతకాల పని మొదలవుతుంది. ఆఫీసుల చుట్టూ తిరగడానికి ఒక మందూబ్, అంటే కంపెనీ ప్రతినిధి, ఉంటాడు, ఈజిప్టు మనిషి. ఫైలు ఏ బల్ల మీద ఆగిందో అతను లోపలికి అడుగుపెట్టే తీరులోనే తెలిసిపోతుంది. ఒకసారి ఆడిట్ వాళ్లు ఒక్క కొలత పక్కన ప్రశ్నార్థకం పెడితే కట్టంతా వెనక్కి వచ్చింది. ఆ చిన్న గుర్తు కింద రెండు బస్సుల కూలీల జీతాలు నలిగాయి. బిల్లు పాసైతేనే జీతం, జీతం పడితేనే కూలీల క్యాంపు బయట బాకాలా (కిరాణా కొట్టు) అప్పు తీరేది, ఆ తర్వాతే అమలాపురంలోనో రాజోలులోనో ఎవరింట్లోనో ఫీజు కట్టేది.

ఈ గొలుసుకు మొదటి కొస చమురు బావిలో ఉంది. 2014 జూన్‌లో బ్యారెల్ 110 డాలర్ల పైన ఉండేది, 2016 జనవరికి 30 దిగువకు జారింది. ప్రభుత్వ రాబడిలో అత్యధిక భాగం చమురుదే కాబట్టి కొత్త పనులు తగ్గాయి, పాత బిల్లులు నెమ్మదించాయి. మా క్యాంపులో జీతాలు ఆలస్యమయ్యాయి కానీ ఆగలేదు. అదే 2016లో పక్కనున్న సౌదీలో వేలమంది భారతీయ కార్మికులు నెలల తరబడి జీతం లేక శిబిరాల్లో ఇరుక్కుపోయారు, మన విదేశాంగ శాఖ సహాయ మంత్రి స్వయంగా వెళ్లాల్సి వచ్చింది. వాళ్లు చేసిన తప్పేమీ లేదు. లండన్ మార్కెట్లో చమురు ధర పడిపోయింది, అంతే.

ఆ ఏడాది సెప్టెంబరులో ఇక్కడ మామూలు పెట్రోలును లీటరు 60 ఫిల్సుల నుంచి 85కు పెంచారు. జనం గగ్గోలు పెట్టారు. 85 ఫిల్సులంటే ఇప్పుడు మన పాతిక రూపాయలకు కాస్త అటూ ఇటూ. ఊరికి ఫోన్ చేసి ఈ మాట చెబితే మా తమ్ముడు చాలాసేపు నవ్వాడు. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద రాష్ట్రం వేసే వ్యాటే 31 శాతం, దాని పైన లీటరుకు మరో నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి.

కువైట్ వాళ్లలో నేను మెచ్చుకునేది ఒకటుంది. 1976లో చట్టం చేసి, ఏటా రాబడిలో 10 శాతం రాబోయే తరాల కోసం పక్కన పెట్టి విదేశాల్లో పెట్టుబడి పెట్టారు. 1990లో ఇరాక్ వచ్చి కువైట్‌నే ఆక్రమించినప్పుడు ప్రవాసంలోని ప్రభుత్వం నిలబడింది ఆ దాచిన సొమ్ము వల్లనే. 2020లో చమురు ధర మళ్లీ పడిపోయాక, లోటు ఉన్న ఏడాది ఆ 10 శాతం తీయనక్కర్లేదని చట్టం మార్చారు. ఇల్లు గడవనప్పుడు చీటీ కట్టడం ఎవరైనా ఆపేస్తారు.

2018 నవంబరు వానల సంగతి చెప్పాలి. ఎడారి దేశంలో వానేమిటని అనుకోవద్దు. సొరంగ మార్గాలు మునిగాయి, తారు లేచిపోయి కంకర తేలింది, ముందు వెళ్లే లారీ టైరు కింది నుంచి ఎగిరిన రాళ్లకు కార్ల అద్దాలు పగిలాయి. ప్రజా పనుల మంత్రి రాజీనామా చేశారు. నాకు అప్పుడు తోచినది ఇది: కువైటీ పౌరులు ఆదాయపు పన్నుగా ఒక్క దీనారు కట్టరు, అయినా మంత్రిని నిలదీశారు. చమురు మాది, ఖజానా మాది అని వాళ్ల ధీమా. పన్ను కట్టేవాడే ప్రభుత్వాన్ని అడగగలడని పుస్తకాల్లో చదువుకున్నది ఇక్కడ పూర్తిగా కుదరదు.

మరి మా గోదావరి డెల్టాలో? ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర విగ్రహం లేని సెంటరు మా వైపు అరుదు, ఆయనకు పెట్టే దండం న్యాయమైనదే. కానీ ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ఆనకట్టను దానంగా కట్టలేదు. కరవులతో జనం పోయి, పొలాలు బీడుపడి, శిస్తు పడిపోయింది కాబట్టి కట్టింది. నీరు పారింది, శిస్తు పెరిగింది. ఖర్చు పెట్టిన డబ్బు తిరిగొచ్చిన ప్రభుత్వ ఖర్చుకు అంతకంటే మంచి ఉదాహరణ నేను చూడలేదు.

నీళ్లు తేవడం మీద ఉన్న శ్రద్ధ నీళ్లు పోవడం మీద లేదు. మురుగు కాలువల్లో పూడిక, పైన గుర్రపుడెక్క. ఒక తుపాను వస్తే మొదటి పంటైన సార్వా చేను కోతకు ముందే నానిపోతుంది. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు మద్దతు ధర, కూలి ఖర్చులతో పాటు ఈ మురుగు గొడవ కూడా కారణాల్లో ఉంది. మొదటి పంటకు ఎకరాకు 200 రూపాయల నీటితీరువా కడుతూ వచ్చినవాళ్లు, రశీదు ఇనప్పెట్టెలో దాచుకున్నవాళ్లు, తీరా కాలువ పూడిపోతే "ఏం చేస్తాం" అంటారు.

నేనూ పన్ను కట్టనివాణ్ని కాను. కువైట్‌లో కోత పడని నా జీతం ఊళ్లో ఇల్లుగా మారేటప్పుడు సిమెంటు మీద 28 శాతం, ఇనుము మీద 18 శాతం జీఎస్టీ కట్టింది. సిమెంటు మీద 18కి తగ్గించింది 2025 సెప్టెంబరులో, నా శ్లాబు పడ్డాక. అందులో సగం రాష్ట్రానిదే. అందుకని ఆ మురుగు కాలువ గురించి అడిగే హక్కు నాకు ఇక్కడి కంటే అక్కడే ఎక్కువ.

2024 డిసెంబరులో, కాలువల బాగోగులు చూసే రైతుల నీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి. వరసకు బాబాయి అయ్యే ఒకాయన మా వైపు సంఘంలోకి వెళ్లారు. ఈమధ్య ఫోన్ చేసి, "బాబాయ్, డెక్క తీయించారా?" అని అడిగాను.

"సగం తీశారురా. పాత బిల్లులు రాలేదని కాంట్రాక్టరు యంత్రం పట్టుకుపోయాడు."

"కొలతలు రాయించారా? ఎంతవరకు తీశాడో, ఎంత లోతో?"

"అవన్నీ ఇంజినీరుగారి దగ్గర ఉంటాయి కదా."

"నకలు అడిగి తీసుకోండి బాబాయ్. కొలతలు లేకపోతే రేపు మొత్తం తీశామని బిల్లు పెడతారు, సగమే తీశారని మీరు రుజువు చేయలేరు."

అటు వైపు కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత, "అర్జీ ఎలా రాయాలో వాట్సాప్‌లో పంపు," అన్నారు. ఆ రాత్రే రాసి పంపాను.