ఓఆర్ఎస్ ప్యాకెట్

బెంగళూరుకొచ్చి నాలుగేళ్ళయింది. మాది కదిరి పక్కన పల్లె, ఇప్పుడుండేది మారతహళ్ళిలో పీజీ. ఓనరు నెల్లూరాయన, వంటాయన చిత్తూరు, కింద మెడికల్ షాపన్నది ప్రొద్దుటూరు, అంటే రాష్ట్రం దాటొచ్చినా చుట్టూ మనోళ్ళే. జ్వరమొస్తే గంజి కాచిస్తారు, అదంతా బాగానే ఉంటది. కానీ బయటికి చెప్పుకోలేని జబ్బు పట్టుకుందేమో అన్న డౌటొచ్చిన రోజు తెలుస్తాది, ఈ చుట్టూ ఉండే మనోళ్ళే ఎంత ఇరకాటమో.

పోయిన అక్టోబర్లో ఒకమ్మాయి పరిచయమైంది, తనది గుంటూరు వైపు, వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. ఒక రాత్రి కాండోమ్ చినిగిపోయింది. అంతకంటే రాయను. ఐదో రోజు పొద్దున ఒంటికి పోతే మంట. నీళ్ళు తక్కువ తాగినాలే, రోజంతా ఏసీలో కూర్చుంటే ఇంతే అనుకుని రెండు బాటిళ్ళు తాగినా. మరుసటి రోజు డ్రాయర్ మీద పసుప్పచ్చ మరక కనపడింది. బకెట్లో సర్ఫు వేసి, రూమ్మేట్ లేవక ముందే ఉతికి, టెర్రస్ మీద ఆరేయడానికి కూడా భయపడి మంచం కింద తీగ కట్టి ఆరేసినా, ఎవరో ఆ మరక చూసి అడుగుతారన్నట్టు. ఉతికినంక మరక యాడుంటాది? భయానికి లాజిక్ ఉండదు కదా.

మా ఊర్లో సెగ, సవాయి అనే మాటలు తిట్లలోనే విన్నా. పుస్తకాల్లో సుఖవ్యాధులు అంటారు, ఆ పేరు పెట్టినాయనకి ఒక్కసారి కూడా రాలేదనుకుంటా.

ఆ సాయంత్రం మెడికల్ షాపుకి పోయినా. ఇద్దరు ఆడోళ్ళు నిలబడి ఉన్నారు, వాళ్ళు పోయినంక అడుగుదామని దగ్గు మందుల వైపు చూస్తా నిలబడితే, అన్న "ఏం కావాల తమ్ముడూ" అన్నాడు. నోట్లో మాట నోట్లోనే ఉంది. "ఓఆర్ఎస్ ఇవ్వన్నా, ఆరెంజ్." డబ్బులిచ్చి వచ్చేసినా.

రాత్రి రెండింటి దాకా ఫోన్లో చదవడమే పని. అట్ల చదువుతుంటే ఒకటి తెలిసింది, మన దేశంలో హెచ్‌ఐవి మొదట బయటపడింది 1986లో చెన్నైలో, డాక్టర్ సునీతి సోలమన్ దగ్గర చదువుకునే నిర్మల అనే పీజీ స్టూడెంట్ సేకరించిన రక్తం శాంపిళ్ళలో. ఆమె వాటిని ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకుని, రాత్రి రైల్లో వెల్లూరు తీసుకుపోయి టెస్టు చేయించిందంట. ఆ కాలంలో, ఒక ఆడపిల్ల, ఆ పని మీద ఊరంతా తిరిగింది. నేనేమో కింద షాపులో నోరు తెరవలేక ఓఆర్ఎస్ తాగుతా ఉండా.

మా చిన్నాన్న కొడుకు కువైట్లో డ్రైవరు. వాడికి ఫోన్ చేసి, నా ఫ్రెండుకి ఇట్ల అయిందిరా అని చెప్పినా. "నీ ఫ్రెండు అదృష్టవంతుడురా, బెంగళూర్లో ఉండాడు. ఇక్కడైతే మెడికల్‌లో హెచ్‌ఐవి పాజిటివ్ వస్తే అకామా, అంటే ఇక్కడుండే పర్మిట్టు, ఇయ్యరు, ఫ్లైటెక్కించి పంపించేస్తారు, ఊర్లో ఏం చెప్పుకోవల్ల? అందుకే మనోళ్ళు ఏ మంటొచ్చినా ఎవరికీ చెప్పకుండా ఏవో మాత్రలు మింగేస్తారు" అన్నాడు. కాసేపాగి, "పొద్దున్నే డాక్టర్ దగ్గరికి పొమ్మను మీ ఫ్రెండుని, ఆలస్యం చేయొద్దని చెప్పు" అని పెట్టేసినాడు. వాడికి అర్థమైపోయిందని నాకూ అర్థమైంది.

అయినా డాక్టర్ దగ్గరికి పోలా. ప్రైవేట్ ల్యాబ్‌లో ఫుల్ ప్యానెల్ అని రక్తం ఇచ్చినా, నాలుగు వేల చిల్లర, అప్పటికి పదకొండో రోజు. హెచ్‌ఐవి నెగెటివ్, సిఫిలిస్, అంటే ఆ సవాయి, అదీ నెగెటివ్. ఎగిరి గంతేసి బిర్యానీ తిన్నా. రాత్రికి మళ్ళీ మంట.

ఇంక లాభం లేదని 1097కి ఫోన్ చేసినా, అది జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (NACO) వాళ్ళ ఫ్రీ హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడినారు. గవర్నమెంటు ఆసుపత్రిలో ఇట్లాంటి జబ్బులు చూసే సురక్ష క్లినిక్ ఉంటాది పోండి అన్నారు. లీవు పెట్టి పోయినా. డాక్టరు చూసి, పెద్దగా ఏమీ అనకుండా గ్రే కలర్ కవర్ ఒకటి ఇచ్చినాడు, అందులో రెండు రకాల మాత్రలు, అక్కడే మింగించినారు. అంతే, దీనికోసం రెండు వారాలు చచ్చినా.

కౌన్సిలర్ మేడం మాత్రం కూర్చోబెట్టి అరగంట మాట్లాడింది, సగం కన్నడ సగం తెలుగు. పదకొండో రోజు రిపోర్టు చూసి, "ఇది చూసి సంబరపడినారా?" అని నవ్వింది. హెచ్‌ఐవి రక్తంలో దొరకడానికి టైం పడతాదంట, వైరస్ ముక్కనీ, దాని మీద ఒంట్లో పుట్టే యాంటీబాడీనీ రెండిట్నీ పట్టే, చేతి నరంలోంచి తీసే యాంటిజెన్-యాంటీబాడీ టెస్టుకైనా 18 నుంచి 45 రోజులు, మామూలు యాంటీబాడీ టెస్టుకైతే 90 రోజుల దాకా ఆగి చూడాలంట. సిఫిలిస్ పుండు కూడా 10 రోజులకి రావొచ్చు 90 రోజులకి రావొచ్చు. "ఆ మొదటి 72 గంటల్లో వచ్చుంటే హెచ్‌ఐవి రాకుండా 28 రోజుల మందులు మొదలుపెట్టే వీలుండేది" అనింది. ఆ 72 గంటల్లో నేనేం చేసినానంటే, ఏమీ చేయలా, మంట కూడా ఇంకా మొదలు కాలేదు.

తర్వాత అసలుది చెప్పింది. "ఆ అమ్మాయికి చెప్పినారా? మీకొచ్చిన ఈ ఇన్ఫెక్షన్ ఆడోళ్ళకొస్తే చాలామందిలో ఏ లక్షణమూ కనపడదు, లోపల్లోపల గర్భసంచి దాకా పోతాది. తనూ మందు వేసుకోవాల." రెండు వారాలు నా డ్రాయరు, నా రిపోర్టు, నా పరువు అనుకుంటా ఉన్నా, తను ఒక్కసారి కూడా గుర్తుకు రాలా. ఇది రాయడానికే సిగ్గుగా ఉంది.

బస్టాప్‌లో నిలబడి ఫోన్ చేసినా. మొత్తం విని, "ఎన్ని రోజుల నుంచి తెలుసు నీకు?" అని అడిగింది. తొమ్మిది రోజులు అన్నా. "తొమ్మిది రోజులా?" అనింది, ఇంకేం తిట్టలా. మరుసటి రోజు పోయి చూపించుకుని మందు వేసుకున్నానని మెసేజ్ పెట్టింది, అదే ఆఖరు మెసేజ్.

మాత్రలు పడ్డ నాలుగో రోజుకి మంట పోయింది. 90 రోజుల లెక్క మాత్రం అట్లే ఉంది. సంక్రాంతికి ఊరికి పోతే అమ్మ ఒక ఫోటో చూపించింది, తనకల్లు పిల్లంట, బీఎస్సీ నర్సింగ్. "రెండు నెల్లాగుమా" అన్నా. "ఏం ఆగేది, ఎవర్నన్నా చూసుకున్యావా?" అనింది. ఏం చెప్పల్ల? చెరుకు ముక్క నముల్తా కూర్చున్నా.

తిరిగి బెంగళూరొచ్చి, ఆ రాత్రి నుంచి లెక్కేస్తే 97వ రోజున టెస్టు చేయించుకున్నా, అదే ఆసుపత్రి, ఒక్క రూపాయి తీసుకోలా. రెండూ నెగెటివ్.

ఆ సాయంత్రం మెడికల్ షాపులో ఎవరూ లేరు. కాండోమ్ ప్యాకెట్ ఇవ్వన్నా అని గట్టిగానే అడిగినా. తీసి కాగితంలో చుడతా, "అదీ, ఆ రోజు అడగడానికొచ్చింది ఇదేనా? ఓఆర్ఎస్ కూడా వేసేదా తమ్ముడూ?" అన్నాడు ప్రొద్దుటూరన్న.