కాణిపాకంలో నాయన ఒప్పుకున్న నిజం

తెల్లవారుజామున నాలుగింటికి చిత్తూరులో బయల్దేరాం. ముందు సీట్లో నాయన, వెనక అమ్మ, ఆమె ఒళ్ళో పులిహోర డబ్బా. బండి 1985 నాటి ప్రీమియర్ పద్మిని. కొన్న వారంలోనే నాయన దాన్ని తిరుపతికి తోలుకుపోయాడట. ఇప్పుడాయనకు ఎనభై దగ్గరపడ్డాయి, మోకాళ్ళు మాట వినవు. అయినా మొక్కు చెల్లించడానికి పోతే ఆ బండిలోనే పోవాలన్నాడు. అలిపిరిలో కారు పెట్టి, వాళ్ళిద్దర్నీ కొండ బస్సెక్కించి, నేను మెట్లెక్కాలి. అదీ ఏర్పాటు.

ఊరి దీపాలు దాటి చీకట్లో పడ్డాక కనబడింది, డ్యాష్‌బోర్డులో బ్యాటరీ గుర్తు దీపం. నిండుగా వెలగదు, పూర్తిగా ఆరదు. బూడిద కింద నిప్పులా ఎర్రగా ఉంది. హెడ్‌లైట్లు ఒక్క క్షణం ఆర్పి చూశా (చేయకూడని పనే, అమ్మ కేక పెట్టింది). దీపం దాదాపు మాయమైంది. లైట్లు వేస్తే మళ్ళీ ఎర్రబడింది.

"నాయనా, ఇది ఎప్పట్నుంచి?"

"ఏది?" అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తా.

కాణిపాకం చేరేసరికి తూరుపు తెల్లబడుతోంది. వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణానికి మా వైపు ఎవరూ సాహసించరు. అప్పుల తగాదాలు, దొంగతనం నిందలు ఈ గుళ్ళో ప్రమాణంతో తేలిపోయిన సంగతులు ప్రతి ఊళ్ళోనూ చెబుతారు. చూపు లేనివాడు, మాట రానివాడు, చెవుడు ఉన్నవాడు, ముగ్గురన్నదమ్ములు బావి తవ్వుతుంటే పార తగిలి రాయి నెత్తురు కార్చిందనీ, దాంతో ముగ్గురి లోపాలూ పోయాయనీ స్థలపురాణం. దర్శనం చేసుకుని బయటికొచ్చి కోనేటి గట్టున కూర్చున్నాక అడిగా.

"కాణిపాకంలో ఉండావు నాయనా. ఇప్పుడు చెప్పు."

ఆయన కాసేపు విబూది రుద్దుకున్నాడు. "రెండు నెలలయింది రా."

ఒక అంగట్లో బ్యాటరీ పోయిందన్నారట. కొత్తది వేయించాడు. దీపం వెలుగుతూనే ఉంది. ఇంకో అంగట్లో, ఇంజను నడుస్తుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ మార్చాలన్నారు. దానికి డబ్బు పెట్ట మనసు రాలేదు. మూడోవాడు అసలు ఆ బల్బు పీకేస్తే గొడవే ఉండదు కదా అన్నాడట. కొత్త బ్యాటరీ సంగతి అమ్మకు కూడా అప్పుడే తెలిసింది. పూతలపట్టు దాటేదాకా వెనక సీట్లోంచి మాట లేదు.

మామిడి కాలం. దామలచెరువు దగ్గర తోతాపురి లోడు లారీలు రోడ్డుకు అడ్డం. పొద్దెక్కాక దీపం కంటికి ఆనడం మానేసింది. నాయన మాత్రం అరచేయి అడ్డం పెట్టి వంగి చూస్తూనే ఉన్నాడు. "ఉండాది" అనేవాడు ప్రతి రెండు మైళ్ళకీ.

చంద్రగిరిలో రోడ్డు పక్కన ఒక ఆటో ఎలక్ట్రీషియన్ అప్పుడే తలుపు తీస్తున్నాడు. అరవై దాటిన మనిషి, ఆల్టర్నేటర్ పని డైనమోలు చేసిన కాలం వాడు. విషయమంతా విని బానెట్ ఎత్తించాడు. సహాయానికున్న పిల్లోడు ఉత్సాహంగా ఇంజను నడుస్తుండగానే బ్యాటరీ వైరు ఊడదీయబోయాడు. ముసలాయన చేతిమీద ఒక్కటేశాడు. డైనమో రోజుల్లో ఛార్జింగు ఉందో లేదో అట్లా చూసేవాళ్ళట. ఆల్టర్నేటర్‌కి అట్లా చేస్తే లోపలి డయోడ్లు కాలిపోతాయి.

ముందు ఫ్యాన్ బెల్టు బొటనవేలితో నొక్కాడు. అరంగుళం వరకు దిగింది, సరిపోయింది. తర్వాత బ్యాటరీ మీద మీటరు పెట్టాడు. ఇంజను ఆగి ఉంటే 12.5 ఓల్టులు. నడుస్తుంటే 13.3. హెడ్‌లైట్లు వేయిస్తే 12.6కి దిగింది.

"ఇది చూసే ఆల్టర్నేటర్ పోయిందనుంటారు పెద్దాయనా" అని, మీటరు ముల్లు తీసి ఆల్టర్నేటర్ వెనక బోల్టు మీద పెట్టాడు. 14.3.

"పుట్టేది పద్నాలుగు, చేరేది పన్నెండున్నర. మధ్యలో తినేదెవరు?"

నాకు అప్పుడు వెలిగింది. ఆ బల్బుకు ఒక కాలు తాళం వైపు, అంటే బ్యాటరీ వైపు. రెండో కాలు ఆల్టర్నేటర్ మీద. తాళం తిప్పినప్పుడు ఆల్టర్నేటర్ వైపు ఏమీ ఉండదు గనక కరెంటు బల్బు గుండా పోయి దీపం నిండుగా వెలుగుతుంది. ఇంజను లేచాక రెండు వైపులా ఓల్టేజి సమానమైతే ఆరుతుంది. బ్యాటరీ బాగుందో లేదో చెప్పడం దాని పని కాదు. రెండు కాళ్ళకూ ఎంత తేడా ఉంటే అంత వెలుగుతుంది, అంతే. లైట్లు వేస్తే తేడా పెరుగుతోంది, కాబట్టి దారిలో ఎక్కడో వైరు అడ్డుపడుతోంది. బల్బు పీకే సంగతి నాయన అడిగితే ముసలాయన నవ్వాడు. "మొదట ఆల్టర్నేటర్‌ని లేపేది ఆ బల్బులోంచి పోయే కరెంటే సామీ. పీకితే ఛార్జింగే మొదలు కాకపోవచ్చు."

మీటరు ఒక ముల్లు ఆల్టర్నేటర్ బోల్టు మీద, రెండోది బ్యాటరీ ప్లస్సు మీద పెడితే 1.7 చూపించింది. ఆల్టర్నేటర్ ఒంటికీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య దాదాపు సున్నా, అంటే ఎర్తు బాగుంది. ఇంజను ఆపించి లావు వైరు వెంట వేళ్ళతో తడుముకుంటూ పోయాడు. ఒకచోట చేయి చటుక్కున వెనక్కి తీశాడు. కాలుతోంది. ఎప్పుడో డైనమో తీసి ఆల్టర్నేటర్ బిగించినప్పుడు పాత సన్న వైరునే ఉంచి, మెలిపెట్టి, టేపు చుట్టి వదిలేశారు. టేపు కాఫీ రంగుకొచ్చి పెళుసుగా ఊడొచ్చింది. లోపల రాగి పచ్చబారి ఉంది.

కొత్త లావు వైరు, రెండు కొనలకూ బోల్టుకు బిగించే లగ్గులు. గంట కూడా పట్టలేదు. మళ్ళీ లైట్లు వేసి చూస్తే బ్యాటరీ మీద 14.1. దీపం చీకటి గుయ్యారం. నాలుగు వందలు తీసుకున్నాడు. "ఆ బ్యాటరీ..." అని నాయన మొదలెట్టాడు గానీ అమ్మ చూసిన చూపుకి ఆగిపోయాడు.

అలిపిరిలో వాళ్ళను బస్సెక్కించి పాదాల మండపం దగ్గర దణ్ణం పెట్టుకుని మొదలెట్టా. 3,550 మెట్లు. గాలిగోపురం దాకానే కష్టం అంటారు అందరూ. గాలిగోపురం దాటి ఎంతో దూరం పోయాక వచ్చే నిటారు మోకాళ్ళ మెట్టు దగ్గర, ఆ మాటన్న వాళ్ళందర్నీ తలుచుకున్నా. దర్శనం గురించి రాయడానికి ఎక్కువ లేదు. గంటల తరబడి వరుస, లోపల రెండు క్షణాలు, "జరగండి జరగండి". ఆ రెండు క్షణాల్లో ఏమడగాలో మర్చిపోయా, ఎప్పటిలాగే.

మర్నాడు పొద్దున్నే అలిపిరిలో బండి తీశా. తాళం తిప్పితే దీపం నిండుగా వెలిగింది, సెల్ఫ్ కొట్టగానే ఆరింది. నాయన అరచేయి అడ్డం పెట్టి చూశాడు.

"హెడ్‌లైట్లు ఎయ్."

"పట్టపగలు నాయనా."

"ఎయ్ రా."

వేశా. ఆర్పనివ్వలేదు. చంద్రగిరి దాకా ఎదురొచ్చిన బైకులవాళ్ళందరూ లైటు వెలుగుతోందని పిడికిలి తెరుస్తూ మూస్తూ సైగ చేస్తుంటే, నాయన కిటికీలోంచి చేయి బయటపెట్టి ఒక్కొక్కరికీ తిరిగి చేయి ఊపుతూనే ఉన్నాడు.