సీడీ లేని సోమవారం

ఇవాళ విశాఖలో సముద్రం వైపు నుంచి గాలే లేదు. తొమ్మిదింటికే ఉక్క.

ఇళ్లకీ షాపులకీ వెళ్లి కంప్యూటర్లు బాగుచెయ్యడం నా పని. పొద్దున్న మొదటి పిలుపు ఎంవీపీ కాలనీ నుంచి. ఇంజినీరింగ్ చదివే అమ్మాయి ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఎక్కడం లేదట. చూస్తే ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన ఆఫీస్ 32 బిట్ రకం, కాలేజీ అకౌంట్‌లోంచి తను దింపుకున్నది 64 బిట్ రకం. ఈ రెండూ ఒకే మిషన్‌లో ఇమడవు. పాతది తీసేసి, రీస్టార్ట్ కొట్టి, కొత్తది ఎక్కించాను. కాఫీ చల్లారేలోపు పనైపోయింది. వాళ్లమ్మగారు మాత్రం "సీడీ తేలేదేంటమ్మా?" అని రెండుసార్లు అడిగారు. ఆ ల్యాప్‌టాప్‌కి సీడీ పెట్టే చోటే లేదని చూపిస్తే తప్ప నమ్మలేదు.

అక్కడి నుంచి బయల్దేరుతుండగా మాస్టారి ఫోన్. మాస్టారంటే బడి పంతులు కాదు, రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసే ఆయన. మా నాన్నగారి కాలం నుంచీ తెలుసు.

"ఏటమ్మా ఇది, వర్డు తెరుద్దామంటే సీడీ పెట్టమంటాది. ఎక్కడి సీడీ? హుదూద్‌కి పోనాది కదా! మధ్యాహ్నానికి పార్టీలొచ్చేస్తారు, సేల్ డీడు ప్రింటు తియ్యాలి."

ఇసుకతోట, మద్దిలపాలెం దాటేదాకా బాగానే వచ్చాను. ఆశీల్‌మెట్టలో సంపత్ వినాయకుడి గుడి ముందు కొత్త కార్లు, బళ్లు పూజకి వరసకట్టి ఉన్నాయి. నిమ్మకాయలు తొక్కించడం అయ్యేదాకా వెనక ట్రాఫిక్ అంతా దేవుడి దయే.

మాస్టారి షాపులో రెండు కంప్యూటర్లు. రెండింట్లోనూ ఆఫీస్ 2007, రెండూ ఒకేరోజు రెండు పెట్టెలతో కొన్నవి. ఆయన కూర్చునే మిషన్‌లో వర్డ్ నొక్కగానే ఒక గీత నెమ్మదిగా నిండుతుంది, మధ్యలో ఆగుతుంది, 1706 అని ఎర్రర్ చూపిస్తుంది. కావలసిన ఫైళ్లు దొరకలేదు, డిస్క్ పెట్టండి అని దాని భావం. రద్దు చేస్తే మూసుకుపోతుంది. మళ్లీ నొక్కితే మళ్లీ అదే పాట.

సీడీ పెట్టె అయితే ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఆ షాపు రేకులు ఎత్తుకుపోయినప్పుడు బీరువాలో తడిసిన వాటిలో అదొకటి. తీసి చూశాను. తడిసిన అట్ట సీడీ పైభాగానికి అతుక్కుని ఆరిపోయింది. ఎప్పుడో ఎవరో పీకినట్టున్నారు, అట్టతో పాటు వెండిపొర కూడా పెచ్చులుగా లేచొచ్చేసింది. ట్యూబ్‌లైట్‌కి అడ్డంపెడితే వెలుతురు ఇవతలికి కనిపిస్తోంది. షాపులో పనిచేసే కుర్రాడు "టూత్‌పేస్టు రాస్తే పనిచేస్తాదంటక్కా" అన్నాడు. కింది వైపు గీతలు పడితే పాలిష్ చేసి చూడొచ్చు. సీడీలో సమాచారం ఉండే పొర మాత్రం పైన, లేబుల్ కిందే ఉంటుంది. అదే లేచిపోయాక ఏ పేస్టు రాసినా అద్దంలా మెరవడం తప్ప ప్రయోజనం లేదు.

అసలు ప్రశ్న సీడీ కాదు. పదేళ్ల పైగా సీడీ లేకుండానే ఆ వర్డ్ పనిచేసింది. ఇవాళే ఎందుకు అడుగుతోంది? ఇలాంటి చోట నేను మిషన్ కన్నా ముందు మనుషుల్ని అడుగుతాను.

"సీ డ్రైవు ఎర్రగయిపోనాదక్కా," అన్నాడు కుర్రాడు, మాస్టారి వైపు చూడకుండా. "వీడియోలో చెప్పినట్టు క్లీన్ చేసినాను."

ఎర్రగవడమంటే డ్రైవ్‌లో జాగా నిండిపోవడం. ఏం క్లీన్ చేశాడో ఒక్కొక్కటే రాబట్టాను. ఉచితంగా దొరికే క్లీనర్ ఒకటి ఎక్కించి రిజిస్ట్రీ, అంటే విండోస్ తన లెక్కలు రాసుకునే పద్దుల పుస్తకం, శుభ్రం చేశాడు. తర్వాత సీ డ్రైవ్‌లో దాక్కుని ఉన్న 'ఎంఎస్ఓ క్యాష్' అనే ఫోల్డర్ పనికిరానిదనుకుని చెరిపేశాడు. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ. చురుకైన కుర్రాడే, కాకపోతే మరీ శుభ్రం.

ఆ ఫోల్డరే ఇక్కడ ప్రాణం. ఆఫీస్ 2003, 2007 లాంటివి ఎక్కించేటప్పుడు సీడీలో ఉన్న అసలు ఫైళ్ల నకలు ఒకటి హార్డ్‌డిస్క్‌లోనే దాచుకుంటాయి, తర్వాత రిపేరుకో, కొత్త భాగం కలపడానికో సీడీ అడగకుండా. ఎన్నేళ్లయినా ఎవరూ ఎక్కని అటక లాంటిది అది. ఇక వర్డ్ షార్ట్‌కట్ నొక్కినప్పుడు, ప్రోగ్రాములు ఎక్కించే విండోస్ ఇన్‌స్టాలర్ ముందు తన లెక్క సరిచూసుకుంటుంది. ఉండాల్సిన ఫైలో, రిజిస్ట్రీ పద్దో లేకపోతే తనే బాగుచేద్దామని బయల్దేరుతుంది. క్లీనర్ ఏదో పద్దు కొట్టేసింది. సరిచెయ్యడానికి నకలు కోసం వెళ్తే నకలూ లేదు. ఇక మిగిలింది సీడీ. అందుకే అడుగుతోంది.

జాగా కోసం అతను చెరిపింది ఒక జీబీ కూడా ఉండదు. అదే డ్రైవ్‌లో పెళ్లి వీడియోలు పాతిక జీబీ పడున్నాయి, వాటి జోలికి పోలేదు. ఆ పెళ్లి మాస్టారి కూతురిది.

ఈలోగా పక్క జిరాక్స్ షాపతను వచ్చి, తన దగ్గర కొత్త ఆఫీస్ క్రాక్, అంటే డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ, ఉందని, పెన్‌డ్రైవ్‌లో ఇస్తాననీ అన్నాడు. ఎక్కించే ముందు యాంటీవైరస్ ఆపాలట. అదే వద్దన్నాను. ఈ కంప్యూటర్‌లో ఎంతమంది ఆధార్లు, పాన్ కార్డులు, వేలిముద్రల కాగితాలు స్కాన్ చేసి ఉన్నాయో అతనికి తెలియదేమో గానీ నాకు తెలుసు. కాపలా తీసేస్తేనే లోపలికొస్తానన్న చుట్టాన్ని ఎవరు రానిస్తారు?

మరి కొత్త ఆఫీస్ కొనుక్కోవచ్చు కదా అంటే, మాస్టారి పాత నమూనాలన్నీ 'అను' అనే పాతకాలం తెలుగు ఫాంట్లలో టైపు చేసినవి. ఫాంటు లేని మిషన్‌లో తెరిస్తే క్రయ దస్తావేజు కాస్తా పిచ్చి ఇంగ్లీషు అక్షరాలై కూర్చుంటుంది. ఆయన వేళ్లకి 2007 మెనూలు అలవాటు. మైక్రోసాఫ్ట్ 2017 అక్టోబరు 10 నుంచి దీనికి మద్దతు ఆపేసింది, మెయిల్లో వచ్చిన ఫైళ్లు ఇందులో తెరవకండి అని చాలాసార్లు చెప్పాను. లిబ్రె ఆఫీస్ కూడా ఎక్కించి చూపించాను, ఉచితం, పాత ఫైళ్లు బానే తెరుస్తుంది. "బాగుందమ్మా" అన్నారు, ముట్టుకోలేదు. ఆ విషయంలో ఆయన్ని పెద్దగా తప్పుపట్టలేను. దస్తావేజులో సర్వే నంబరు ఒకటి తప్పుపడితే పరిగెత్తాల్సింది ఆయనే.

సరే, దారి ఉంది. రెండో కంప్యూటర్ తెరిచి, దాచిన ఫైళ్లు చూపించమని సెట్టింగ్ మారిస్తే 'ఎంఎస్ఓ క్యాష్' చెక్కుచెదరకుండా ఉంది. కుర్రాడి శుభ్రత అక్కడిదాకా రాలేదు. లోపల ఫోల్డర్ల పేర్లన్నీ పొడుగాటి అంకెలు. ప్రతిదాని చివరి వైపు సున్నా, ఎఫ్, ఎఫ్, 1, సి, ఇ. కుర్రాడు దగ్గరికొచ్చి చదివి, "అక్కా, ఆఫీస్ అని రాసుందేటి!" అని నవ్వాడు. నిజమే, చేసినవాళ్ల చిలిపితనం. మధ్యలో 001బి ఉన్నది వర్డ్‌ది, 0016 ఉన్నది ఎక్సెల్‌ది. పక్కనే ఉన్న 0409 భాష గుర్తు, అంటే అమెరికా ఇంగ్లీషు. తెలుగుకి వాళ్లిచ్చిన సంఖ్య 044ఎ. రెండు మిషన్లలోవీ ఒకే రకం ఆఫీస్ కాబట్టి సరిపోయింది. స్టాండర్డ్ రకం ఆఫీస్‌కి ఎంటర్‌ప్రైజ్ రకం ఫైళ్లు పెడితే ఒప్పుకోదు.

ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి లాగి, ఈ మిషన్ సీ డ్రైవ్‌లో అదే చోట, అదే పేరుతో పెట్టాను. తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో ఆఫీస్ దగ్గర 'ఛేంజ్', అందులో 'రిపేర్'. ఆ గీత ముప్పావు దాకా వచ్చి నిలబడిపోయింది. ఇలాంటప్పుడే అందరూ విసిగి మధ్యలో ఆపేసి, ఉన్నది కూడా పోగొట్టుకుంటారు. కుర్రాడి చెయ్యి మౌస్ మీదికి వస్తుంటే పక్కకి తోశాను.

అది కదిలేలోపు విండోస్ ఫోల్డర్ లోపలున్న 'ఇన్‌స్టాలర్' ఫోల్డర్ సంగతి చూశాను. అందులో ఫైళ్లకి అర్థంలేని పేర్లుంటాయి, సైజులు పెద్దవి, క్లీన్ చేసేవాళ్ల కళ్లు మొదట దానిమీదే పడతాయి. ఇంతవరకు ఎక్కించిన సర్వీస్ ప్యాక్‌ల, అంటే కంపెనీ పంపిన సవరణల, నకళ్లు ఉండేది అక్కడే. అదీ పోయుంటే రిపేరు కూడా పనిచేసేది కాదు. మాస్టారి అదృష్టం, పైకి కనపడదు గనక కుర్రాడు దాన్ని చూడలేదు.

ఆ ఖాళీలోనే సీడీ పెట్టె మీదున్న ప్రొడక్ట్ కీ, అంటే ఆఫీస్ ఎక్కించేటప్పుడు అడిగే అక్షరాల వరస, నోట్‌బుక్‌లో రాయించాను. రిపేరుకి కీ అడగదు గానీ, రేపు హార్డ్‌డిస్క్ పోతే అదొక్కటే ఆధారం. 25 అక్షరాల్లో కొన్ని తడికి చెరిగాయి. గుండ్రంగా ఉన్న ఒకదాన్ని మాస్టారు సున్నా అంటారు, కుర్రాడు ఓ అంటాడు. రెండూ కాదు. ఆ కీలలో వాడేది 24 గుర్తులే: అచ్చులు ఉండవు, సున్నా, 1, 5 ఉండవు, జనం తికమక పడకుండా. గుండ్రంగా ఉందంటే డి అయినా కావాలి, క్యూ అయినా కావాలి. ఫోన్ టార్చి ఏటవాలుగా పట్టి చూస్తే కింద చిన్న తోక. క్యూ. బి, 8 మాత్రం రెండూ వాడతారు, అక్కడ కళ్లే దిక్కు.

రిపేరు పూర్తయింది, రీస్టార్ట్ చెయ్యమంది. వర్డ్ ఏ గీతా లేకుండా తెరుచుకుంది. మాస్టారు సేల్ డీడ్ తెరిచి, తూర్పు హద్దు దగ్గర్నుంచి నాలుగు హద్దులూ పైకి చదువుకుని, ప్రింట్ కొట్టారు. ఫోల్డర్ నకలు ఒకటి డీ డ్రైవ్‌లో, ఇంకోటి ఆయన పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. ఆ క్లీనర్ తీసేయించాను. పెళ్లి వీడియోలు బయటి హార్డ్‌డిస్క్‌లోకి మార్చమని కుర్రాడికి చెప్పాను, చెరపమని కాదు, మార్చమని.

డబ్బుల దగ్గరకొచ్చేసరికి మాస్టారు దస్తావేజుల మనిషైపోయారు.

"సీడీ లేకుండానే అయిపోనాది కదమ్మా, మరి ఐదొందలేటి?"

"సీడీ ఉండుంటే మూడొందలే తీసుకునేదాన్ని మాస్టారూ."

నాలుగొందలు చేతిలో పెట్టి, మిగిలిన వందకి మా అన్నయ్య అద్దె ఇంటి అగ్రిమెంటు రాసిస్తానన్నారు. స్టాంపు పేపరు ఖర్చు మాత్రం మాదేనట.