జ్వరం ఎన్నో రోజు?

వానలు పడి నెల తిరిగేసరికి పీహెచ్‌సీ ఓపీలో సగం మంది జ్వరంతోనే కూర్చుంటారు. వాళ్ళలో చాలామంది చేతిలో అప్పటికే ఒక రిపోర్టు ఉంటుంది. "టైఫాయిడ్ పాజిటివ్ అన్నారండి, ప్లేట్‌లెట్లు కూడా పడిపోయాయట" అంటారు. ఆ కాగితం చదివే ముందు మెడికల్ ఆఫీసర్ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: జ్వరం మొదలై ఇది ఎన్నో రోజు? ఏ పరీక్ష రాయాలి, ఏ రిపోర్టును నమ్మకూడదు, ఎవరిని ఇంటికి పంపకూడదు, మందు పనిచేయడం లేదని ఎప్పుడు అనుకోవాలి, అన్నీ ఆ అంకె మీదే ఆధారపడి ఉంటాయి. ఐదేళ్ళలో 30 గంటల సీఎంఈ (డాక్టర్ల నిరంతర శిక్షణ) పూర్తిచేయాలన్న నియమం మనకుంది. అందులో కొన్ని గంటలైనా ఈ వానాకాలపు జ్వరాలకు దక్కాలి.

"నాలుగైదు రోజుల నుంచి" అనే జవాబుతో సరిపెట్టుకోకండి. చాలామంది ఆర్‌ఎంపీ దగ్గర మొదటి సూది వేయించుకున్న రోజు నుంచి లెక్క చెబుతారు. అంతకుముందు ఒకటి రెండు రోజులు ఇంట్లో ఉన్న మాత్రతో నెట్టుకొచ్చిన సంగతి చెప్పరు. కూలికి వెళ్ళడం మానేసిన రోజు, సంత రోజు, పిల్లలైతే బడి మానేసిన రోజు, ఇలా దేనికో ముడిపెట్టి అడిగితే తేదీ బయటపడుతుంది. ఒళ్ళు మొదటిసారి కాలిన రోజే ఒకటో రోజు. ఓపీ చీటీ పైన "4వ రోజు" అని పెద్దగా రాయండి. ఆ సూదిలో ఏముందో కూడా కనుక్కోండి. డెక్సామెథాసోన్ పడి ఉంటే జ్వరం దిగిందన్న మాటను లెక్కలోకి తీసుకోలేం, తెల్లకణాలు కూడా పెరిగి కనిపిస్తాయి.

ఇక టైఫాయిడ్ కోసం చేసే రక్తపరీక్ష, విడాల్. మన ఊళ్ళలో ఇంత నష్టం చేస్తున్న పరీక్ష ఇంకొకటి లేదని నా అభిప్రాయం. ఇది 1896 నాటి పరీక్ష. వెతికేది క్రిమిని కాదు, దానికి వ్యతిరేకంగా ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను. వాటిలో 'ఓ' యాంటీబాడీ జ్వరం మొదలైన ఆరు నుంచి ఎనిమిది రోజులకు, 'హెచ్' పది నుంచి పన్నెండు రోజులకు కనిపిస్తాయి. అలాంటప్పుడు మూడో రోజున చేసిన విడాల్ పాజిటివ్ అయితే ఆ యాంటీబాడీలు ఈ జ్వరానివి కావు. ఎప్పుడో వచ్చిపోయిన ఇన్‌ఫెక్షన్‌వో, టీకావో, పోలికలున్న వేరే బాక్టీరియావో అయి ఉండాలి. టైఫాయిడ్ తరచూ తిరిగే ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తంలోనూ టైటర్ (ఎన్ని రెట్లు పలచన చేసినా యాంటీబాడీలు కనిపిస్తున్నాయన్న అంకె) 1:80, ఒక్కోసారి 1:160 వస్తుంది. పది పద్నాలుగు రోజుల తేడాతో రెండుసార్లు చేసి నాలుగు రెట్లు పెరిగిందని చూపిస్తే కొంత అర్థముంది, కానీ అంతకాలం ఎవరూ ఆగరు. ఒక్క విడాల్‌తో రోగికి టైఫాయిడ్ అని పేరు పెట్టి, రోజుకో సెఫ్‌ట్రియాక్సోన్ సూది వేస్తూ ఐదారు రోజులు గడిపేస్తే అసలు ప్రమాదం అక్కడే ఉంది. అది స్క్రబ్ టైఫస్ (పొదల్లోని చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం) అయితే ఆ సూది దానికి పనిచేయదు. ఆ క్రిమి కణం లోపల దాక్కుని పెరుగుతుంది, పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతి మందులకు లొంగదు. టైఫాయిడ్ అనుకుని అజిత్రోమైసిన్ ఇచ్చారనుకోండి, అది స్క్రబ్‌కు కూడా పనిచేస్తుంది కాబట్టి రోగి కోలుకుంటాడు, మంచి పేరు మాత్రం విడాల్‌కు వెళ్తుంది. తర్వాతి పదిమందికి మళ్ళీ అదే పరీక్ష రాస్తాం.

టైఫాయిడ్‌ను నిజంగా పట్టాలంటే మొదటి వారంలో, యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) తీయాలి. పెద్దవాళ్ళకు 10 మి.లీ. రక్తం కావాలి. 3 మి.లీ. తీసి నెగటివ్ వచ్చిందంటే తప్పు మనదే, ఎందుకంటే టైఫాయిడ్‌లో మిల్లీలీటరు రక్తంలో ఉండే క్రిములే బహు కొద్ది. సీసా మూతను స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. ఏరియా ఆసుపత్రికి పంపేలోపు సీసాను ఫ్రిజ్‌లో పెట్టకూడదు, గది వేడిలోనే ఉంచాలి. కల్చర్ సౌకర్యం లేక లక్షణాలను బట్టే మందు మొదలుపెట్టాల్సి వస్తే సిప్రోఫ్లాక్సాసిన్ వైపు వెళ్ళకండి, మన దేశంలో దానికి నిరోధకత విపరీతం. నోటి మందుగా అజిత్రోమైసిన్ కిలోకు 20 మి.గ్రా. చొప్పున, రోజుకు 1 గ్రాము దాటకుండా 7 రోజులు ఇవ్వాలి. లేదా సెఫిక్సిమ్ అదే లెక్కన రెండు పూటలుగా 14 రోజులు. సరైన మందు పడినా టైఫాయిడ్ జ్వరం దిగడానికి నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది. మూడో రోజున జ్వరం ఉందని మందు మార్చేయడం చాలామంది చేసే పొరపాటు.

స్క్రబ్ టైఫస్‌లో లెక్క వేరు. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాక 48 గంటల్లో జ్వరం దిగాలి. దిగలేదంటే రోగ నిర్ధారణను మళ్ళీ మొదటి నుంచి చూడాలి.

ఇది చిగ్గర్ అనే నల్లిలాంటి చిన్న పురుగు పిల్లదశలో ఉన్నప్పుడు కుట్టడం వల్ల వస్తుంది. పొలం గట్ల మీద, పొదల్లో, గడ్డిలో ఉంటుంది. కుట్టిన పది పన్నెండు రోజులకు జ్వరం మొదలవుతుంది, అందుకే కుట్టిన సంగతి ఎవరికీ గుర్తుండదు. గేదెలకు గడ్డి కోయడానికి వెళ్ళారా, పొదల్లో కూర్చున్నారా అని రెండు వారాల వెనక్కి వెళ్ళి అడగాలి. చిత్తూరు, తిరుపతి వైపు పనిచేసేవాళ్ళకు ఇది కొత్తేం కాదు. మిగతా జిల్లాల్లో మాత్రం వెతకనందువల్లే కనిపించకుండా పోతోంది.

వెతకాల్సింది ఎస్కార్‌ని, అంటే పురుగు కుట్టిన చోట మిగిలే గుర్తుని. అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు దాకా, నల్లగా ఎండిన పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు, బీడీతో చురక పెట్టినట్టు ఉంటుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు, కాబట్టి రోగి తనంతట తాను చెప్పడు. దాన్ని చూసి నాటువైద్యంలో పెట్టిన వాత అనుకునే వీలుంది, కానీ వాత పెట్టించుకున్నవాళ్ళకు ఆ సంగతి తెలిసే ఉంటుంది, అడిగితే చెబుతారు. పురుగు బట్ట బిగుతుగా ఉండే చోటికి పాకి అక్కడ ఆగుతుంది. మొలతాడు కింద, లంగా నాడా బిగించే గీత వెంట, రొమ్ము కింది మడతలో, చంకలో, గజ్జల్లో, వృషణాల సంచి మీద, మోకాలి వెనక, చెవి వెనక చూడాలి. పిల్లలకు తల వెంట్రుకలు విడదీసి కూడా చూడాలి. చెమట పట్టే మడతల్లో నల్ల పెచ్చు కట్టదు, పచ్చగా పాలిపోయిన చిన్న లోతులేని పుండులా కనిపిస్తుంది, దాన్ని చూసి ఒరుపు అనుకుని వదిలేస్తాం. ఇంకో దారి వాచిన బిళ్ళలు (లింఫ్ గ్రంథులు). ఒక పక్క గజ్జల్లో బిళ్ళ కట్టి నొప్పిగా ఉంటే ఆ కాలు, పొత్తికడుపు, జననాంగాలు వెతకండి. చంకలో ఉంటే ఆ చెయ్యి, రొమ్ము. ఆడవాళ్ళయితే ఏఎన్‌ఎం లేదా స్టాఫ్ నర్సును పక్కన ఉంచుకుని, తెర వేసి, టార్చి వెలుతురులో చూడాలి. ఎందుకు చూస్తున్నామో ముందే వివరిస్తే కాదనేవాళ్ళు తక్కువ. మూడు నిమిషాల పని ఇది. ఏ ల్యాబూ ఇంత త్వరగా ఇంత గట్టి జవాబు ఇవ్వదు.

ఎస్కార్ దొరకకపోయినా స్క్రబ్ కాదనడానికి లేదు. ఐదు రోజులు దాటిన జ్వరం, తలనొప్పి, పొడి దగ్గు, తగ్గిన ప్లేట్‌లెట్లు, రెండు మూడు రెట్లు పెరిగిన కాలేయ ఎంజైములు ఏఎస్‌టీ, ఏఎల్‌టీ ఉండి, మలేరియా, డెంగీ నెగటివ్ అయితే ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెట్టాలి. ప్లేట్‌లెట్లు డెంగీలోనూ తగ్గుతాయి, అక్కడ తెల్లకణాలు కూడా తగ్గుతాయి. స్క్రబ్‌లో అవి మామూలుగానో ఎక్కువగానో ఉంటాయి. ఒకే సీబీపీలో (రక్తకణాల లెక్కలో) కనిపించే ఈ తేడాను చూడకుండా ప్లేట్‌లెట్ల అంకె దగ్గరే ఆగిపోతున్నాం. స్క్రబ్ యాంటీబాడీలను వెతికే ఐజీఎం ఎలైజా పరీక్ష మొదటి వారంలో నెగటివ్ రావచ్చు. నాలుగో రోజు నెగటివ్ రిపోర్టు చూసి మందు ఆపకండి.

45 కిలోలు దాటినవాళ్ళకు డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రెండు పూటలా 7 రోజులు. అంతకంటే తక్కువ బరువున్న పిల్లలకు రోజుకు కిలోకు 4.5 మి.గ్రా., రెండు భాగాలుగా. ఇంత చిన్న కోర్సుకు పళ్ళ రంగు మారుతుందన్న భయంతో పిల్లలకు ఆపాల్సిన పనిలేదు. గర్భిణులకు అజిత్రోమైసిన్ 500 మి.గ్రా. రోజుకొకసారి 5 రోజులు. డాక్సీ మాత్ర వేసుకున్నాక గ్లాసెడు నీళ్ళు తాగి అరగంట పడుకోకూడదని చెప్పి తీరాలి. గుక్కెడు నీళ్ళతో మింగి పడుకుంటే మాత్ర గొంతు కింద అతుక్కుని పుండు చేస్తుంది. "ఈ మందు పడలేదండి" అని మానేసినవాళ్ళలో చాలామందికి జరిగింది ఇదే. ఐరన్, కాల్షియం మాత్రలు, గ్యాస్ మందు, పాలు దీనితో కలిపి ఇస్తే ఒంటికి పట్టదు, రెండు గంటల ఎడం ఉంచాలి. నీటిలో పనిచేసి, పిక్కలు తీవ్రంగా నొప్పి పుట్టి, కళ్ళు ఎర్రబడితే లెప్టోస్పైరోసిస్‌ను కూడా అనుమానించాలి, తొలి దశలో దానికీ డాక్సీయే.

మలేరియా గురించి క్లుప్తంగా. పాడేరు, భద్రాచలం లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో ప్రతి జ్వరానికీ మొదటి రోజే ర్యాపిడ్ కిట్, స్లయిడ్ రెండూ చేయాలి. నెగటివ్ వచ్చి జ్వరం తగ్గకపోతే మళ్ళీ చేయాలి. వైవాక్స్ రకం మలేరియాలో క్లోరోక్విన్ మూడు రోజులకే రోగి తేరుకుంటాడు, ప్రైమాక్విన్ 14 రోజులు వాడటం మానేస్తాడు, నెలల తర్వాత అదే జ్వరంతో తిరిగొస్తాడు. ఆశా కార్యకర్తతో మాత్రలు లెక్క చూపించమనడం తప్ప దీనికి వేరే ఉపాయం లేదు. గర్భిణులకు ప్రైమాక్విన్ ఇవ్వకూడదు. మూత్రం నల్లటి టీ రంగులోకి మారితే వెంటనే ఆపాలి.

డెంగీలో రోజు లెక్క ప్రాణానికే ముడిపడి ఉంది. ఐదో రోజు దాకా ఎన్‌ఎస్‌1 (వైరస్ ప్రోటీన్‌ను పట్టే పరీక్ష), తర్వాత ఐజీఎం. ఆరో రోజున ఎన్‌ఎస్‌1 నెగటివ్ వచ్చిందని డెంగీ కాదనకూడదు. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం దిగుతుంది. ఇంట్లోవాళ్ళు గండం గడిచిందనుకుని ఆసుపత్రి నుంచి తీసుకెళ్ళిపోతారు. సరిగ్గా అప్పుడే రక్తనాళాల నుంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) కారడం మొదలై 24 నుంచి 48 గంటలు సాగుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత లేదా చిరాకు, పెరిగిన కాలేయం, వీటిలో ఒక్కటున్నా ఇంటికి పంపకూడదు.

రక్త నమూనా జిల్లా హబ్ ల్యాబ్‌కు వెళ్ళి రిపోర్టు వచ్చేదాకా ఆగలేం కాబట్టి బీపీ ఆపరేటస్‌నే బాగా వాడుకోవాలి. చీటీ మీద 100/80 అని ఉంటే అందరూ నార్మల్ అని దాటేస్తారు. పై అంకెకూ కింది అంకెకూ తేడా 20. ఆ తేడా 20కి, అంతకన్నా కిందికి వచ్చిందంటే డెంగీలో షాక్ మొదలైనట్టే. 98/82ని గుండ్రంగా 100/80 అని రాయడం వల్ల ఈ సంగతి ఎంత తేలిగ్గా మరుగునపడుతుందో చూడండి. చేతులు, పాదాలు పట్టుకుని చూడండి, చల్లగా ఉన్నాయా? వేలి గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగొస్తోందా? చివరిసారి మూత్రం ఎప్పుడు పోశారు? ఆరు గంటలు దాటితే అది కూడా హెచ్చరికే.

హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) ఒక్కసారి చూస్తే ఏమీ తెలియదు. మూడో రోజు 38 ఉన్నది ఐదో రోజు 46 అయితే 20 శాతం దాటి పెరిగింది, అంటే ప్లాస్మా కారుతోంది. అదే 38 నుంచి 30కి పడిపోతూ నాడి వేగంగా ఉంటే లోపల రక్తస్రావం జరుగుతోందేమో చూడాలి.

హెచ్చరిక లక్షణాలున్నవాళ్ళకు నార్మల్ సెలైన్ లేదా రింగర్ లాక్టేట్, గంటకు కిలోకు 5 నుంచి 7 మి.లీ. చొప్పున ఒకటి రెండు గంటలు. తర్వాత 3 నుంచి 5 మి.లీ. చొప్పున రెండు నుంచి నాలుగు గంటలు. ఆపైన 2 నుంచి 3. మార్చే ముందు ప్రతిసారీ హెమటోక్రిట్, నాడి, బీపీ చూడాలి. 60 కిలోల మనిషికి మొదటి గంటలో 300 మి.లీ. ఇవ్వాలంటే, మిల్లీలీటరుకు 20 చుక్కల సెట్‌తో నిమిషానికి 100 చుక్కలు. గంటకు ఎన్ని మి.లీ.యో దాన్ని మూడుతో భాగిస్తే చుక్కల లెక్క వచ్చేస్తుంది, స్టాఫ్ నర్సుకు అలా రాసివ్వండి. డీఎన్‌ఎస్ (డెక్స్‌ట్రోజ్ కలిపిన సెలైన్), 5 శాతం డెక్స్‌ట్రోజ్ దీనికి పనికిరావు. కారడం ఆగాక ఆ ద్రవం రక్తనాళాల్లోకి తిరిగొస్తుంది. అప్పటికీ నీరసంగా ఉన్నాడని బాటిల్ మీద బాటిల్ ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. డెంగీ నుంచి బయటపడ్డ మనిషికి ఆయాసం మనం తెచ్చిపెట్టినట్టవుతుంది.

ప్లేట్‌లెట్లు 40 వేలు, 30 వేలు ఉన్నాయని, రక్తస్రావం లేకుండా ఎక్కించడం వల్ల ఉపయోగం లేదు. 10 వేలకన్నా తగ్గినప్పుడో, రక్తం కారుతున్నప్పుడో ఆలోచించాలి. బొప్పాయి ఆకు రసం వాంతులు తెప్పించి, నీళ్ళు తాగనివ్వకుండా చేస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే. డైక్లోఫెనాక్ సూది, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు. పిల్లలకు కిలోకు 10 నుంచి 15 మి.గ్రా., రోజుకు నాలుగుసార్లు మించకూడదు. సిరప్ 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉందా 250 ఉందా అన్నది సీసా చూసి రాయండి. పది కిలోల బిడ్డకు 150 మి.గ్రా. అంటే మొదటిదైతే 6 మి.లీ., రెండోదైతే 3. "రెండు చెంచాలు" అని చెబితే ఎక్కడో ఒకచోట డోసు రెట్టింపవుతుంది.

పై ఆసుపత్రికి పంపేటప్పుడు చీటీ మీద "జ్వరం, ప్లేట్‌లెట్లు తక్కువ" అని రాసి ఊరుకుంటే అక్కడివాళ్ళు అంతా మొదటి నుంచి మొదలుపెట్టాలి. జ్వరం ఎన్నో రోజు, దిగితే ఎన్ని గంటలైంది, హెమటోక్రిట్ అంకెలు వాటి పక్కన సమయం, బీపీ రెండు అంకెలూ గుండ్రం చేయకుండా, ఇప్పటిదాకా ఎన్ని మి.లీ. సెలైన్ వెళ్ళింది, చివరి మూత్రం ఎప్పుడు, బయట ఏ సూదులు పడ్డాయి, ఎస్కార్ వెతికారా, దొరికితే ఎక్కడ అన్నీ రాయండి. స్క్రబ్ అనుమానం ఉండి రోగి మింగగలిగితే 108 ఎక్కేముందే మొదటి డాక్సీ మాత్ర వేయించి, వేసిన సమయం కూడా ఆ చీటీ మీదే రాసి పంపండి.