లిఫ్ట్ మీద పక్క సీటు

మంచు కొండ మీద స్కీయింగ్ చేసేవాళ్లని తీగకి వేలాడే కుర్చీల్లో పైకి చేర్చే స్కీ లిఫ్ట్ దగ్గర రెండు క్యూలు ఉంటాయి. కుటుంబాలతో, స్నేహితులతో వచ్చినవాళ్లది ఒకటి. ఒంటరిగా వచ్చినవాళ్లది పక్కనే ఇంకొకటి, దాన్ని సింగిల్స్ లైన్ అంటారు. నలుగురు పట్టే కుర్చీలో ముగ్గురే ఎక్కుతుంటే, మిగిలిన సీటు సింగిల్స్ లైన్లో ముందున్న మనిషికి దక్కుతుంది. క్యూ తొందరగా కదులుతుందని చాలామంది అందులో నిలబడతారు. నేను పక్క సీట్లో ఎవరుంటారో అని నిలబడతాను. ముక్కూమొహం తెలియని మనిషి పక్కన కొన్ని నిమిషాలు గాల్లో కూర్చోవాలి. ఫోన్ తీద్దామంటే చేతులకి గ్లోవ్స్, జారితే కింద మంచులోకే. ఇక మాట్లాడుకోవడమే.

మేముండేది సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో. ఐ-90 హైవే పట్టుకుంటే స్కీ కొండలున్న స్నోక్వాల్మీ పాస్ అనే కనుమ గంటలోపు ప్రయాణం. అది సుమారు 3,000 అడుగుల ఎత్తే కావడంతో అక్కడ పడే మంచు తడిగా, బరువుగా ఉంటుంది. ఈ కొండల వరుస పేరు కాస్కేడ్స్, అందుకే ఇక్కడివాళ్లు ఆ మంచుని ‘కాస్కేడ్ కాంక్రీట్’ అంటారు. ఒక్కోసారి మంచు బదులు వానే పడుతుంది. అయినా ఆఫీసు అయ్యాక వెళ్లి రాత్రి లైట్ల కింద స్కీయింగ్ చేసి, పడుకునే వేళకి ఇంటికొచ్చేయొచ్చు. అంత దగ్గర.

మొదట మా అబ్బాయిని స్కీయింగ్ క్లాసులో చేర్చడానికి వెళ్లాను. మనవాళ్లు చాలామంది అలాగే వస్తారు. పిల్లలు కొండ మీద, తల్లిదండ్రులు లాడ్జ్‌లో లాప్‌టాప్‌ల ముందు. పెద్దవాళ్లకీ క్లాసులున్నాయని తెలిశాక నేనూ చేరాను. నలభై దాటాక పడటం, లేవడం కొత్తగా నేర్చుకోవడం ఒంటికి కష్టమే. మనసుకి మాత్రం చాలా బాగుంది.

ఇక్కడికొచ్చి ఏళ్లు గడిచినా మా పరిచయాలు చిన్న గీత లోపలే ఉండిపోయాయి. వారమంతా టీమ్. శని, ఆదివారాలు మనవాళ్ల పుట్టినరోజులు, గుడి, పిల్లల తెలుగు క్లాసులు జరిగే మనబడి. ఎక్కడ కూర్చున్నా మాటలు గ్రీన్ కార్డు వరుసలో మన వంతుని తేల్చే ప్రయారిటీ డేట్ల మీదికో, ఇళ్ల ధరల మీదికో, లేఆఫ్‌ల మీదికో పోతాయి. వాళ్లని తక్కువ చేసి అనడం లేదు. జ్వరమొస్తే రసం పట్టుకొచ్చేది ఆ మనుషులే. కానీ మనం పన్ను కడుతున్న ఈ ఊళ్లో మిగతా జనం ఎలా బతికారో, ఏం చూసి వచ్చారో నాకు లిఫ్ట్ మీదే తెలిసింది.

ఒకసారి పక్కన కూర్చున్న పెద్దాయన సియాటిల్ దగ్గరున్న ఎవరెట్‌లోని బోయింగ్ ఫ్యాక్టరీలో 747 విమానాలు కట్టిన మనిషి. డెబ్బై అయిదు దాటాయి. అప్పుడు మా ఆఫీసులో లేఆఫ్‌ల పుకార్లు నడుస్తున్నాయి. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే 60 రోజులే గడువు. ఆ లోపు ఇంకో కంపెనీ దొరకాలి, లేదా వేరే దారి చూసుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. ఎలా ఉన్నారని ఆయన మామూలుగా అడిగితే ఈ టెన్షన్ అంతా చెప్పేశాను.

ఆయన 1971 సంగతి చెప్పారు. 1967లో సియాటిల్ ప్రాంతంలో బోయింగ్‌లో లక్ష మంది పనిచేసేవారట. నాలుగేళ్లలో నలభై వేలకన్నా తక్కువ మంది మిగిలారు. ‘సియాటిల్ వదిలి వెళ్లే ఆఖరి మనిషి లైట్లు ఆర్పేసి వెళ్లండి’ అని ఇద్దరు రియల్ ఎస్టేట్ వ్యాపారులు ఎయిర్‌పోర్ట్ దగ్గర పెద్ద బోర్డు పెట్టారు. ఆయన ఉద్యోగమూ పోయింది. ఆ చలికాలం ఒక స్కీ కొండ మీద లిఫ్ట్ రిపేరు పనికి కుదిరి, తర్వాత మళ్లీ బోయింగ్‌కే వెళ్లారు. మేం కూర్చున్న ఈ కుర్చీల కథ కూడా అక్కడే తెలుసుకున్నారట. మొదటి చెయిర్‌లిఫ్ట్ 1936లో ఐడహో రాష్ట్రంలోని సన్ వ్యాలీలో వచ్చింది. తయారుచేసింది యూనియన్ పసిఫిక్ రైల్వే ఇంజనీరు జేమ్స్ కర్రన్. ఓడల్లోకి అరటిగెలలు ఎక్కించడానికి కదిలే తీగకి కొక్కేలు వేలాడదీసే ఏర్పాటు ఆయనకి తెలుసు. ఆ కొక్కేల స్థానంలో కుర్చీలు పెట్టారు.

దిగే ముందు పెద్దాయన, “నీకూ నాకూ ఒక తేడా ఉందమ్మా. ఉద్యోగం పోయినా నన్ను దేశం వదిలిపొమ్మన్నవాళ్లు లేరు” అన్నారు. అంతా సర్దుకుంటుందని చెప్పకుండా ఆ తేడాని గుర్తించినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఆ ఏడాది మా టీమ్‌లో కొందరు వెళ్లిపోయారు. నేను మిగిలాను.

లిఫ్ట్ కింద కుర్చీ పట్టుకుని ఎక్కించే కుర్రాళ్లలో ఒకడు పెరూ నుంచి వచ్చాడు. ఊరు అరెకిపా, చదువు సివిల్ ఇంజనీరింగ్. భూమధ్యరేఖకి అటువైపు వేసవి సెలవులంటే డిసెంబరు నుంచి మార్చి దాకా. అందుకే జే-1 వీసా మీద అక్కడి విద్యార్థులు ఇక్కడి స్కీ కొండలకి పనికొస్తారు. తమ ఊళ్లో ఎక్కడ నిలబడినా మిస్టి అగ్నిపర్వతం కనిపిస్తుందని, దాని నెత్తిన మంచు చూస్తూ పెరిగినా చేత్తో ముట్టుకున్నది ఇక్కడేనని చెప్పాడు. రాత్రంతా పారతో ర్యాంపు సరిచేసే పని. వచ్చిన జీతంలో టికెట్టుకి చేసిన అప్పు తీరుస్తున్నాడు. నేను చదువుకోవడానికి వచ్చినప్పుడు నా తల మీదా అలాంటి అప్పే ఉండేది. ఆ రోజు డబ్బాలో తెచ్చుకున్న పులిహోరలో సగం అతనికి పెట్టాను.

నా పనిని మార్చిన పరిచయం మాత్రం ఇంకొకటి. ఒక సాయంత్రం సింగిల్స్ లైన్ నుంచి నన్ను ఇద్దరు ఆడవాళ్ల పక్కకి పంపారు. ఇద్దరూ జాకెట్ మీద కనిపించేలా నారింజ రంగు బిబ్‌లు వేసుకున్నారు. ఒకరి బిబ్ మీద ‘గైడ్’ అని, రెండోవారి బిబ్ మీద ‘బ్లైండ్ స్కీయర్’ అని రాసి ఉంది. లిఫ్ట్ కుర్రాడు కుర్చీ వేగం తగ్గించాడు. “వస్తోంది, కూర్చో” అని గైడ్ అనగానే ఆవిడ కూర్చున్నారు. నాకన్నా నెమ్మదిగా, నాకన్నా నమ్మకంగా.

గైడ్ రిటైరైన టీచరు. వికలాంగులకి స్కీయింగ్ నేర్పే అవుట్‌డోర్స్ ఫర్ ఆల్ అనే సంస్థలో వాలంటీరు. ఆ సంస్థ ఈ పని 1978 నుంచి చేస్తోంది. కొందరు గైడ్లు ముందు వెళతారు, కొందరు వెనక ఉంటారు. ఎడమ, కుడి, ఆగు అని గొంతుతోనే చెబుతారు. మిగతాది కాళ్లూ చెవులే అన్నారు చూపులేని ఆవిడ. గట్టి మంచు మీద స్కీ అంచు గీసుకునే చప్పుడు వేరు, మెత్తటి మంచులో వేరు. వాలు మారినప్పుడు పాదానికి తెలుస్తుంది.

నేనేం చేస్తానని అడిగారు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అన్నాను, జనం ఫారమ్‌లు నింపే అప్లికేషన్ అని చెప్పాను. ఆవిడ నవ్వారు. ఆవిడది ఆఫీసు ఉద్యోగం, రోజంతా తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మీదే పని. “నాలుగు పేజీల ఫారమ్ నింపుతాను. చివరికొచ్చేసరికి అది ‘బటన్, బటన్, బటన్’ అంటుంది. ఏది పంపేది, ఏది చెరిపేసేది? ఒక్కోసారి తప్పుది నొక్కి మళ్లీ మొదటినుంచి నింపుతాను” అన్నారు. కోపంగా అనలేదు. పార్కింగ్ దొరకలేదని చెప్పినంత మామూలుగా చెప్పారు. ఆ మామూలుతనమే నన్ను కదిలించింది.

నేను శ్రీకాంత్ బొల్లా గురించి చెప్పాను. మచిలీపట్నం దగ్గర పల్లెటూళ్లో పుట్టుకతోనే చూపులేని పిల్లవాడు, ఇంటర్లో సైన్స్ చదవడానికే పోరాడాల్సి వచ్చింది, తర్వాత ఎమ్‌ఐటీలో చదివి హైదరాబాద్‌లో కంపెనీ పెట్టారని. ఆవిడ పేరు స్పెల్లింగ్ అడిగి, రెండుసార్లు పైకి చెప్పుకున్నారు. పైకి చేరాక గైడ్ “ఎడమకి” అంది. ఇద్దరూ వాలు మీద నిదానంగా మలుపులు తిరుగుతూ దిగిపోయారు. గైడ్ గొంతు చాలాసేపు వినిపించింది.

సోమవారం ఆఫీసులో స్క్రీన్ రీడర్ తెరిచాను. పేరు ఎన్‌వీడీఏ, ఉచితం. ఆస్ట్రేలియాలో చూపులేని ప్రోగ్రామర్ ఒకరు 2006లో మొదలుపెట్టింది. తెలుగు కూడా చదువుతుంది. మానిటర్ ఆపేసి మా ఫారమే నింపడం మొదలుపెట్టాను. రెండో పేజీలో “బటన్” అంది. ఇంకోసారి ట్యాబ్ నొక్కితే మళ్లీ “బటన్”.

బాగుచేయాల్సిన లోపం ఒక్కోదానికి మేం ఒక టికెట్ రాస్తాం. ఇలాంటి టికెట్లు మా లిస్టులో అడుగున చాలా ఉన్నాయి. ఎప్పుడు చూసినా ప్రయారిటీ 4, అంటే తొందర లేనివి. బటన్‌కి పేరు పెట్టడం చాలాసార్లు ఒక్క లైను కోడ్, అయినా ఎవరూ అడగరు కాబట్టి పైకి రాదు. ఆ వారం మీటింగులో నేను లెక్కలు చెప్పలేదు. స్పీకర్ ఆన్ చేసి, ప్రొజెక్టర్ ఆపేసి, ఈ ఫారమ్ పంపండని మేనేజర్ చేతికి కీబోర్డు ఇచ్చాను. ఆయన ఓపికగా ప్రయత్నించి, రెండు నిమిషాల తర్వాత కీబోర్డు కింద పెట్టి, “ఎన్నున్నాయి ఇలాంటివి?” అని అడిగారు. జాబితా అప్పటికే సిద్ధంగా ఉంది.

బాగుచేయడానికి ఆ సీజన్ అంతా పట్టింది. ఇప్పుడు ప్రతి రిలీజుకి ముందు మౌస్‌లు పక్కన పెట్టి, మానిటర్లు ఆపేసి ఫారమ్ మొదటినుంచి చివరిదాకా నింపుతాం. మొన్న కొత్తగా చేరిన కుర్రాడు మూడో పేజీ దగ్గర ఆగిపోయి, “అక్కా, ఇక్కడేదో ఉంది, దీనికి పేరు లేదు” అన్నాడు. టికెట్ రాయమన్నాను. ప్రయారిటీ ఎంత పెట్టాలని అడిగాడు. 1 పెట్టమన్నాను.