నాన్నకి పొలమారడం ఎందుకో తెలిసేదాకా

నాన్నకి పార్కిన్సన్స్ వచ్చి కొన్నేళ్లయింది. చెయ్యి వణకడం, అడుగు తడబడటం మాకు అలవాటైపోయాయి. ఆ జబ్బు మింగడాన్ని కూడా దెబ్బతీస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మంచినీళ్లు తాగుతుంటే పొలమారేది. అమ్మ మాడు మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారండీ" అనేది. ఆ తర్వాత భోజనానికి పట్టే సమయం పెరిగిపోయింది. చారన్నం పక్కకి నెట్టి, ముద్దపప్పు అన్నమే కావాలనేవారు. తిన్నాక గొంతులో నీళ్లు నిలిచినట్టు గరగరమనేది. చొక్కాలు వదులయ్యాయి. వీటిలో దేన్ని చెప్పినా బంధువుల నోట ఒకటే మాట: వయసు కదమ్మా.

న్యుమోనియా వచ్చింది. ఆసుపత్రిలో యాంటీబయాటిక్స్ ఇచ్చి ఇంటికి పంపారు. కొన్ని నెలలకే మళ్లీ వచ్చింది, అదే కుడి ఊపిరితిత్తిలో. ఈసారి చూసిన ఛాతీ డాక్టరు, "తినేటప్పుడు, తాగేటప్పుడు దగ్గుతారా?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నకి ఆయనకి నేను ఎంత రుణపడ్డానో చెప్పలేను.

అక్కణ్నుంచి సూర్యారావుపేటలో న్యూరాలజిస్టు, ఈఎన్‌టీ, చివరికి స్పీచ్ థెరపిస్టు. "నా మాట బాగానే ఉందిగా, ఈవిడెందుకమ్మాయ్?" అన్నారు నాన్న. మాటకీ మింగడానికీ పనిచేసే పెదవులు, నాలుక, గొంతు కండరాలు చాలావరకు ఒకటే. మింగడంలో ఇబ్బందులు చూడటం కూడా స్పీచ్ థెరపిస్టుల చదువులో భాగమని నాకూ అక్కడే తెలిసింది.

ఫీస్ అనే పరీక్ష చేశారు. మత్తివ్వరు. ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం గొంతు పైభాగం దాకా దింపి, రంగు కలిపిన నీళ్లు, పెరుగు, బిస్కెట్టు ఒక్కొక్కటే మింగమంటారు. నాన్నకి కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ ఓర్చుకున్నారు. తెర మీద చూస్తుండగానే ఆకుపచ్చ నీళ్లు స్వరతంతువులు దాటి కిందికి, గాలిగొట్టంలోకి జారాయి. నాన్న దగ్గలేదు. పొలమారినప్పుడు కనీసం దగ్గు వస్తోంది కదా అనుకునేవాళ్లం. దగ్గే రాకుండా లోపలికి పోతున్నవి కూడా ఉన్నాయన్నమాట. ఇంట్లో దగ్గు లేదంటే క్షేమమని ఎవరూ నమ్మొద్దు.

తర్వాత పనంతా వంటింట్లోనే. నీళ్లని కొంచెం చిక్కగా చేసే పొడి రాసిచ్చారు. ఎంత చిక్కదనమో కొలవడానికి ఐడీడీఎస్ఐ అనే అంతర్జాతీయ పద్ధతి ఉంది. సూది తీసేసిన 10 మి.లీ. సిరంజి నింపి 10 సెకన్లు కారనిస్తే, నాన్నకి చెప్పిన 2వ స్థాయిలో 4 నుంచి 8 మి.లీ. మధ్య మిగలాలి. అందరి సిరంజిలూ ఒకేలా ఉండవు, ఏది వాడాలో థెరపిస్టే చూపించారు. పొడి ఖర్చెందుకు, రాగిజావ చాలదా అంది అమ్మ. పిండితో వచ్చిన చిక్కదనం నోట్లో లాలాజలం కలిసేసరికి పలచబడుతుందట. చిక్కటి నీళ్లు నాన్నకి నచ్చవు, తాగడం తగ్గుతుంది. అందుకే ఒంట్లో నీరు తగ్గకుండా మూత్రం రంగు మీద కన్నేసి ఉంచుతాం.

అన్నిటికన్నా కష్టమైనవి పలచనిదీ గట్టిదీ కలిసినవి. మజ్జిగన్నం, సాంబార్లో ఇడ్లీ ఆపేశాం. పెసరట్టు కరకరలాడే అంచులు తీసేసి మెత్తటి భాగం చట్నీతో పెడతాం. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలు, ఒకటి దిగాకే ఇంకొకటి. తిన్నాక 30 నిమిషాలు పడుకోనివ్వం. గడ్డం ఛాతీ వైపు వంచి మింగమన్నారు. అది కెమెరాలో చూసి నాన్నకి పనికొస్తుందని చెప్పింది, అందరికీ కాదు. రోజూ రెండుపూటలా పళ్లు, నాలుక శుభ్రం చెయ్యాలి, ఎందుకంటే నోట్లోని సూక్ష్మక్రిములే ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. పార్కిన్సన్స్ మాత్ర పనిచేస్తున్న వేళకే భోజనం పెడితే మింగడం తేలికవుతోంది. మాత్రల్ని నలిపి ఇవ్వొచ్చా అని మాత్రం ఒక్కోదానికీ డాక్టర్ని అడగాలి. నెమ్మదిగా విడుదలయ్యే రకాలు నలపకూడదు.

బరువు మెల్లగా పెరుగుతోంది. జబ్బు ముదిరే కొద్దీ మళ్లీ పరీక్ష అవసరమవుతుందన్నారు, వెళ్తాం.

మీ ఇంట్లో ఇలాంటి లక్షణాలుంటే డాక్టరు దగ్గరికెళ్లే ముందు భోజనం చేస్తుండగా ఫోన్లో వీడియో తీసుకెళ్లండి. మేము అరగంట చెప్పినా తేలనిది ఆ వీడియో చూపిస్తే వెంటనే అర్థమైంది. మింగడం ఉన్నట్టుండి ఆగిపోయినా, దాంతోపాటు మూతి వంకరపోయినా, మాట తడబడినా వీడియోల కోసం ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యండి.