పాటన్‌లో కొన్న ఖాళీ బుద్ధుడు

ఇంట్లో పెట్టుకోవడానికి బుద్ధుడి విగ్రహం తెమ్మంది అమ్మ. ఎలాంటిది అంటే, "మొహం ప్రశాంతంగా ఉన్నది చూసి తే" అంది. ఖాట్మండు నుంచి బాగ్‌మతి నది దాటి పాటన్ వెళ్లింది ఆ పని మీదే.

మహాబౌద్ధ ఆలయం చుట్టూ సందుల్లో ఎటు చూసినా సుత్తి, ఉలి చప్పుళ్లే. అక్కడి శాక్య కుటుంబాలకు తరతరాలుగా ఇదే వృత్తి. ముందు మైనంతో బొమ్మ చేస్తారు. దాని మీద మట్టి పూత మీద పూత వేసి ఆరబెడతారు. కాల్చినప్పుడు మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలో కరిగిన రాగి పోస్తారు. అచ్చు పగలగొడితేనే విగ్రహం బయటికొస్తుంది కాబట్టి ఒక మైనపు బొమ్మకి ఒక్కటే విగ్రహం. బంగారు పూత మాత్రం పాదరసంలో బంగారం కలిపి రాసి, మంట మీద పాదరసాన్ని ఆవిరి చేసి వేస్తారట. ఆ పొగ విషం. ఆ మాట విన్నాక మెరుపు చూసి మురిసిపోవడానికి మనసొప్పలేదు.

ఓ పెద్దాయన దగ్గర మూడు విగ్రహాలు పక్కపక్కన పెట్టించుకుని మొహాలు పోల్చుకుంటున్నాను. మూడింటికీ తల మీద బొడిపెలాంటి ఉష్ణీషం, సాగిన చెవులు, ఒడిలో భిక్షాపాత్ర. ఆయన కాసేపు చూసి, "మీకు ఎవరు కావాలి?" అని హిందీలో అడిగారు.

"బుద్ధుడేనండీ."

"మొహాలు కాదు, చేతులు చూడండి" అన్నారు నవ్వి.

కుడిచేతి వేళ్లు నేలను తాకుతున్నవాడు శాక్యముని, అంటే మనకు తెలిసిన గౌతమ బుద్ధుడు. ధ్యానం చెడగొట్టబోయిన మారుణ్ణి గెలిచినప్పుడు భూమినే సాక్షిగా పిలిచిన భూమిస్పర్శ ముద్ర అది. రెండు చేతులూ ఒడిలో చేర్చినవాడు అమితాభుడు, ఇంకో బుద్ధుడు. మూడో ఆయన కుడిచేయి మోకాలి మీదుగా చాచి ఉంది, వేళ్ల మధ్య ఏదో కాయ. భైషజ్యగురువు, వైద్య బుద్ధుడు. కాయ ఏమిటో తెలుసా? కరక్కాయ! దగ్గొస్తే అమ్మ బుగ్గన పెట్టుకోమనే కరక్కాయే. ఇక బేరం కూడా సరిగ్గా ఆడలేదు.

ఇంట్లో ఎలా పెట్టాలో కూడా ఆయనే చెప్పారు. నేల మీద వద్దు, ఎత్తులో ఉండాలి. విగ్రహం బుద్ధుడి దేహానికి గుర్తు. వాక్కుకి గుర్తుగా ఒక గ్రంథం, చిత్తానికి గుర్తుగా చిన్న స్తూపం పక్కన ఉంటే మంచిది. ముందు ఏడు గిన్నెల్లో పొద్దున నీళ్లు పోసి సాయంత్రం తీసెయ్యాలి. గిన్నెకీ గిన్నెకీ మధ్య యవగింజంత ఎడం. నీళ్లే ఎందుకంటే, ఇచ్చేటప్పుడు ఎవరికీ పిసినారితనం రాదు కదా అన్నారు.

విగ్రహాన్ని బోర్లిస్తే లోపల డొల్ల. మంత్రాలు రాసిన కాగితపు చుట్టలు నింపించి, లామాతో ప్రతిష్ఠ చేయించి, అప్పుడు అడుగున రాగి రేకు బిగిస్తారట. అంతవరకు అది లోహమే. నాకేమో మర్నాడే విమానం. రేకు విడిగా పొట్లం కట్టి ఇచ్చారు.

నేపాల్‌లో వందేళ్లు దాటిన విగ్రహాలు దేశం దాటకూడదు. నాది కొత్తదేనని పురావస్తు శాఖ ముద్ర వేయించుకున్నాను. అయినా ఎయిర్‌పోర్టులో స్కానర్ దగ్గర ఆపారు. ఆఫీసరు విగ్రహాన్ని తిరగేసి, లోపలికి టార్చి వేసి చూశాడు.

"ఇందులో ఏముంది?"

"ఇంకా ఏమీ లేదండీ" అన్నాను.